నేలలో పాతిన కుండ చెప్పే వైన్ పాఠం

వైన్ గురించి తెలుసుకోవాలనుకునే వాళ్లు మొదట ఫ్రాన్స్ వైపు చూస్తారు. బోర్డో, బర్గండీ, షాంపేన్ అంటూ పేర్లు బట్టీ పడతారు. నన్నడిగితే మొదటి పాఠం జార్జియాలో నేర్చుకోవాలి. కాకసస్ కొండల కింద, నల్లసముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశమది. దాని రాజధాని తిబిలిసి మన ఇళ్లకు కొత్తేం కాదు, మెడిసిన్ చదవడానికి తెలుగు పిల్లలు అక్కడికి వెళ్తూనే ఉన్నారు. ఆ నగరానికి దక్షిణాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో గదచ్రిలి గోరా, షులవేరి గోరా అనే దిబ్బలున్నాయి. అక్కడ తవ్వితే బయటపడ్డ కుండపెంకుల్లో ద్రాక్షకు గుర్తయిన టార్టారిక్ ఆమ్లం ఆనవాళ్లు దొరికాయని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ పెంకులు దాదాపు 8,000 ఏళ్ల నాటివి.

మట్టికుండలో వైన్ చేయడం ఆ దేశంలో ఇప్పటికీ పల్లెటూరి ఇంటి పని. ఆ కుండ పేరు క్వెవ్రి. గుడ్డు ఆకారంలో, అడుగున సన్నగా, మనిషి దిగి నిలబడేంత పెద్దదిగా ఉంటుంది. చక్రం మీద తిప్పి చేసేది కాదు. కుమ్మరి మట్టిని తాడులా పేని, వరస మీద వరస పేరుస్తూ, కింది వరస కాస్త గట్టిపడ్డాక పైది ఎత్తుతూ పోతాడు. అందుకే ఒక్కో పెద్ద క్వెవ్రికి వారాలు పడుతుంది. తర్వాత ఆవంలో రోజుల తరబడి కాల్చి, వేడి పూర్తిగా తగ్గకముందే లోపల తేనెమైనం పూస్తారు. చివరికి మూతి ఒక్కటే కనబడేలా నేలలో పాతేస్తారు. కుండలుండే ఆ గది పేరు మరని.

కఖేతి ప్రాంతంలో కోతలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. తొక్కిన పండ్ల రసంతోపాటు తొక్కలు, గింజలు, బాగా పండిన తొడిమలు కూడా కుండలోకి వెళ్తాయి. ఈస్ట్ విడిగా కలపరు, పండు మీదా పరిసరాల్లోనూ ఉన్నదే పని మొదలుపెడుతుంది. పులిసేటప్పుడు పుట్టే వాయువు తొక్కల్ని పైకి నెట్టి దట్టమైన తెట్టులా కట్టిస్తుంది. దాన్ని రోజుకు చాలాసార్లు కర్రతో కిందికి ముంచాలి. అశ్రద్ధ చేస్తే పైభాగం పులిసి వెనిగర్ దారి పడుతుంది. పొంగు చల్లారాక గింజలు కొసలోకి జారతాయి, వాటి మీద తొక్కలు పరుచుకుంటాయి. గింజల చేదు వైన్‌లోకి మరీ దిగకుండా ఉండడానికి ఆ సన్నటి అడుగు సాయపడుతుంది. అప్పుడు మూతపెట్టి, మట్టితో మెత్తి, వసంతం దాకా వదిలేస్తారు. చుట్టూ ఉన్న నేలే దాన్ని చల్లగా ఉంచుతుంది.

చాలా రకాల నల్లద్రాక్షకు కూడా లోపలి రసం దాదాపు రంగులేనిదే. రంగు, వగరు తొక్కలోంచి వస్తాయి. ఐరోపాలో తెల్లద్రాక్షను పిండి, రసాన్ని వెంటనే వేరుచేస్తారు కాబట్టి లేతరంగు వైన్ వస్తుంది. షాంపేన్‌లో నల్లటి పినో నువార్‌తోనూ తెల్ల వైన్ చేసేది ఈ కిటుకుతోనే. కఖేతిలో ర్కత్సితెలి అనే తెల్లద్రాక్షను నెలల తరబడి తొక్కలతో ఉంచుతారు, అది తేనెరంగు తిరిగి, డికాషన్‌లా నాలుకను పట్టే వగరు తెచ్చుకుంటుంది. సపెరవి అనే నల్లద్రాక్ష దారి వేరు, దాని గుజ్జు కూడా ఎర్రగానే ఉంటుంది. జార్జియాకే చెందిన ద్రాక్ష రకాలు 500కు పైమాటే. మన హైదరాబాద్‌లో పేరుపడ్డ అనాబ్-ఎ-షాహి కొరుక్కు తినడానికి పెంచిన లావుపాటి పండు. వైన్ ద్రాక్ష సాధారణంగా చిన్నగా, గింజలతో, మందపాటి తొక్కతో ఉంటుంది. తీపీ పులుపూ రెండూ దిట్టమే.

క్వెవ్రి కడగడం ఒక విద్య. ఆవకాయ జాడీకి తడి తగలకుండా చూసే మన పెద్దవాళ్లకు ఆ శ్రద్ధ వెంటనే అర్థమవుతుంది. చెర్రీచెట్టు బెరడును కట్టగా కట్టి, పొడవాటి కర్రకు బిగించి, లోపలంతా రుద్దుతారు. వచ్చే నీళ్లు తేటపడేదాకా ఆపరు. ఇంత చాకిరీ ఉన్న పద్ధతి సోవియట్ కాలంలో కర్మాగారాలకు పనికిరాలేదు. ఎక్కువ కాసే కొన్ని రకాలకే చోటు దక్కింది. 1985లో గోర్బచేవ్ మద్యవ్యతిరేక ఉద్యమం మొదలయ్యాక తోటల మీదా వేటు పడింది. పెరటి మరనిలే ఈ విద్యను కాపాడాయి. 2006లో రష్యా జార్జియా వైన్‌ను నిషేధించడంతో ప్రధాన మార్కెట్ ఒక్కసారిగా మూతపడింది. కొత్త కొనుగోలుదార్లను వెతుక్కోవాల్సి వచ్చినప్పుడు, ఈ కుండే వాళ్లకు గుర్తింపు తెచ్చింది. ఇటలీలో ఫ్రియులికి చెందిన యోష్కో గ్రావ్నర్ అనే వైన్ తయారీదారు అప్పటికే క్వెవ్రిలు తెప్పించుకున్నాడు. 2013లో యునెస్కో ఈ పద్ధతిని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

నాకున్న దిగులల్లా కుమ్మరుల గురించే. గిరాకీ దేశాలు దాటింది. పెద్ద క్వెవ్రి చేయడం తెలిసిన కుటుంబాలు మాత్రం కొన్నే. పిల్లల్ని చూడ్డానికి తిబిలిసి వెళ్లే తల్లిదండ్రులు వీలుంటే ఒకరోజు కఖేతికి వెళ్లండి. తాగే అలవాటు లేకపోయినా ఫర్వాలేదు, తెలావి దగ్గరి వర్దిసుబని ఊళ్లో క్వెవ్రిలు చేసే కుమ్మరి ఇల్లెక్కడో అడిగి ఆ పని చూసి రండి.