గుండె కోడ్‌లో 25 అక్షరాలు మిస్సింగ్!

ఆదివారం ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ దగ్గర వాకింగ్‌కి నాన్నని తీసుకెళ్లా. నాలుగడుగులకే ఆయాసం, కాళ్లకి వాపు. తార్నాకలో డాక్టర్‌కి చూపిస్తే హార్ట్ ఫెయిల్యూర్ అన్నారు. అంటే గుండె ఆగడం కాదు, పంపింగ్ బలహీనపడటం. రక్తనాళం మూసుకుపోతే వచ్చేది హార్ట్ ఎటాక్.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగారు డాక్టర్. ఎందుకో తర్వాత తెలిసింది. పక్కనే హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్ బృందం 800 మంది గుండె రోగులను పరీక్షించి, 2009లో ఒక విషయం బయటపెట్టింది. ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు లోపిస్తే హార్ట్ ఫెయిల్యూర్ ముప్పు దాదాపు 7 రెట్లు! మనలో నూటికి నలుగురికి ఈ లోపం ఉందట.

జన్యువుని మార్చలేం. బీపీ, షుగర్, సిగరెట్, ఉప్పు మాత్రం మన చేతిలోవే. నేనైతే ఎకో చేయించుకున్నా. మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే మీరూ ఆలస్యం చేయకండి.