దాచుకున్న గుడ్డముక్కల్లో దొరికే శైలి: సచిన్ మిల్లుల నుంచి మతీస్ గది దాకా

సూరత్‌కు దక్షిణాన ఉన్న సచిన్, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ నవాబులు ఏలిన ఒక చిన్న సంస్థానం. 1791లో ఏర్పడింది. ఇవాళ ఆ పేరు చెబితే సంస్థానం ఎవరికీ గుర్తు రాదు. జీఐడీసీ పారిశ్రామికవాడ గుర్తొస్తుంది. మరమగ్గాలు, డైయింగ్ మిల్లులు, ప్రింటింగ్ యూనిట్లు. తెలంగాణ నుంచి తరాల కిందటే సూరత్ బాట పట్టిన పద్మశాలి కుటుంబాలకు ఈ లోకం కొత్తది కాదు. మరమగ్గాన్ని సిరిసిల్లలోనూ, సూరత్‌లోనూ ‘సాంచా’ అనే అంటారు. సూరత్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోందంటే అక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో అర్థం చేసుకోవచ్చు.

అలాంటి ఇంట్లో బొమ్మలు వేసే అమ్మాయో, అబ్బాయో ఉంటే వాళ్ల దగ్గర ఏమేం పోగుపడతాయో ఊహించడం కష్టం కాదు. ఖాళీ నూలు కోన్లు, రంగుల షేడ్ కార్డులు, చీరల ప్యాకెట్లలో పెట్టే మోడల్ ఫొటోలు, ప్రింటు పాడై పక్కన పడేసిన గుడ్డముక్కలు. ఇంట్లోవాళ్ల లెక్కలో అదంతా చెత్త. ఏ పండగకో అటక దులిపినప్పుడు ముందుగా బయటకు పోయేది అదే.

కానీ డిజైన్ కోర్సులో చేరాలన్నా, చేరాక నిలబడాలన్నా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: నీ శైలి ఏమిటి? చాలామంది పిల్లలు దానికి ఎవరో పెద్ద చిత్రకారుడి పేరు చెప్పి ఊరుకుంటారు. అసలు జవాబు అటక మీది సంచిలో ఉండే అవకాశం ఎక్కువ.

వాలోడ్ నుంచి వచ్చిన మనిషి

దీనికి ఉదాహరణ కోసం సచిన్ నుంచి ఎంతో దూరం పోనక్కర్లేదు. చిత్రకారుడు హకూ షా 1934లో పాత సూరత్ జిల్లాలోని వాలోడ్‌లో పుట్టారు. అది ఇప్పుడు తాపీ జిల్లాలో ఉంది. బరోడాలోని ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి గుజరాత్ పల్లెలు, ఆదివాసీ గూడేలు తిరిగి వస్తువులు పోగుచేశారు. దేవుడికి మొక్కుగా ఇచ్చే మట్టి గుర్రాలు, కుండలు, గుడ్డలు, ఇంట్లో రోజూ వాడే సామాను. 1968లో స్టెల్లా క్రామ్రిష్ అమెరికాలోని ఫిలడెల్ఫియా మ్యూజియంలో ‘అన్‌నోన్ ఇండియా’ ప్రదర్శన పెట్టినప్పుడు ఆమెతో కలిసి పనిచేశారు. అహ్మదాబాద్‌లోని గుజరాత్ విద్యాపీఠ్‌లో ఆదివాసీ మ్యూజియాన్ని నిలబెట్టారు. 2019లో చనిపోయారు.

మ్యూజియం మనిషిగా ఆయన చేసినదంతా ఒక ఎత్తు. ఆయన కాన్వాసులు చూస్తే ఆ తిరుగుడు వృథా పోలేదని తెలుస్తుంది. మనుషుల ఆకారాలు క్లుప్తంగా ఉంటాయి. రంగులు నీడలు లేకుండా పరుచుకుంటాయి. వివరాలు తక్కువ. మట్టి గుర్రం చేసే కుమ్మరి కాళ్లకు కండరాలు చెక్కడు, నాలుగు ముద్దలు నిలబెడతాడు. అది గుర్రమేనని మనం ఒప్పుకుంటాం. ఆ పొదుపే హకూ షా బొమ్మల్లోనూ కనిపిస్తుంది. అలాగని ఆయన ప్రతి కాన్వాసులో మట్టి గుర్రాన్ని దించలేదు. వస్తువు నుంచి తీసుకున్నది దాని రూపాన్ని కాదు, దాని పద్ధతిని. ఈ తేడా పట్టుకోలేకే చాలామంది పప్పులో కాలేస్తారు. వార్లీ ముగ్గు నచ్చిందని వార్లీ మనుషుల్నే వేస్తే అది శైలి కాదు, ఎత్తిపోత.

నేతగాళ్ల ఊరి పిల్లాడు

ఆశ్చర్యమేమిటంటే, ఈ విషయంలో సచిన్ పిల్లలకు దగ్గరి చుట్టం ఫ్రాన్స్‌లో ఉన్నాడు. ఆంరీ మతీస్. 1869లో పుట్టిన ఈయనది నేతగాళ్ల వంశం. పెరిగిన బొహాన్ పట్టణం పారిస్ ఫ్యాషన్ దుకాణాలకు ఖరీదైన బట్టలు నేసి పంపేది. చేతిలో డబ్బు లేని రోజుల్లో కూడా మతీస్ పాత సామాన్ల అంగళ్లలో గుడ్డముక్కలు కొనేవాడు. ఇల్లు మారినప్పుడల్లా వాటినీ మోసుకెళ్లాడు. ఆ పోగును ‘నా పని గ్రంథాలయం’ అనేవాడు.

అందులో నీలం పూలబుట్టల నమూనా ఉన్న ఒక గుడ్డ ఉంది. బస్సులో పోతూ పాత బట్టల కొట్లో దాన్ని చూసి కొన్నాడు. చాలా బొమ్మల్లో వాడాడు. 1908లో వేసిన ‘హార్మనీ ఇన్ రెడ్’లో అదే నమూనా బల్ల మీది గుడ్డ దాటి గోడంతా పాకింది. బల్ల ఎక్కడ ముగిసిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియదు. ఆ బొమ్మ ముందు నీలంగా ఉండేది, తర్వాత మొత్తం ఎరుపు చేశాడు. దశాబ్దాల తర్వాత కాగితాలు కత్తిరించి బొమ్మలు చేసే దశలో, ఆయన గోడల మీద కాంగోలోని కూబా జనం నేసిన గుడ్డలు వేలాడేవి. వాటి నమూనా ఒక వరసలో మొదలై మధ్యలో దారి మార్చేస్తుంది. నమూనా చెప్పిన చోట కుదురుగా కూర్చోకూడదన్న పట్టుదల ఆయన పనిలో చివరిదాకా ఉంది. వస్తువు నటుడిలాంటిదని, మంచి నటుడు పది నాటకాల్లో పది వేషాలు వేయగలడని ఆయన ఉద్దేశం.

పోగును చదవడం ఎలా?

ముందు సంచి బోర్లించి, ముక్కలన్నీ నేల మీద పరవాలి. పూలు ఒక చోట, గీతలు ఒక చోట అని విడదీస్తే ఏమీ తేలదు. అది కొట్టువాడి లెక్క. వస్తువు పేరు మరిచిపోయి దాని తీరు చూడాలి. అంచు పదునుగా ఉందా, మసకగా ఉందా? రంగులు రెండా, పదా? కొత్తవి ఎక్కువా, అరిగినవి ఎక్కువా?

ప్రింటింగ్ యూనిట్ నుంచి తెచ్చుకున్న ముక్కలే తీసుకుందాం. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ ఉంటుంది. ఆకుపచ్చ ఒకసారి, ఎరుపు ఒకసారి, నలుపు గీత ఒకసారి పడతాయి. ఏదో ఒక స్క్రీన్ వెంట్రుకవాసి జరిగినా రంగు గీత దాటిపోతుంది. ఒక పక్క తెల్లటి సందు, ఇంకో పక్క రెండు రంగులు కలిసి పుట్టిన మూడో రంగు. మిల్లుకు అది నష్టం, మేస్త్రీకి చీవాట్లు. కానీ ఎవరి సంచిలోనైనా సగానికి సగం ఇలా జారిన ముక్కలే ఉన్నాయనుకోండి. వాళ్లకు నచ్చింది ఆ పువ్వు కాదు, గీతకూ రంగుకూ కుదరని పొత్తు. ఇంతకాలం ‘నాకు పూలంటే ఇష్టం’ అనుకుంటూ ఉండి ఉంటారు.

అది తెలిశాక పని మొదలవుతుంది. యంత్రం పొరపాటున చేసినదాన్ని కావాలని చేసి చూడాలి. ముఖం గీసి, రంగును పక్కకు జరిపి వేయాలి. పది కాగితాలు వేస్తే రెండు నిలవొచ్చు, ఒక్కటీ నిలవకపోవచ్చు. పోగు దారి చూపుతుందే కానీ బొమ్మ వేసిపెట్టదు. పోగులో లేనిదేమిటో చూడటం కూడా ముఖ్యమే. రంగుల మిల్లుల మధ్య పెరిగిన మనిషి దగ్గర తెలుపు, బూడిద రంగు ముక్కలే ఉంటే, అది వట్టి యాదృచ్ఛికం కాదు.

మరి ఫోన్‌లో దాచిన వేల స్క్రీన్‌షాట్లు? నా మటుకు నేను వాటిని పెద్దగా లెక్కలోకి తీసుకోను. ఉచితంగా వచ్చినవి, చోటు అడగనివి, ఎవరితోనూ మాట పడనవసరం లేనివి. పైగా వాటిలో సగం ఆ యాప్ చూపించినవే. అమ్మ పారేస్తానంటే వద్దని గొడవపడి దాచుకున్న ముక్కకు ఉన్న సాక్ష్యబలం వాటికి ఉండదు.

పోగంటే చేతికి తగిలే వస్తువులే కానక్కర్లేదు. కె. లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం ఇద్దరూ తెలంగాణ పల్లెల నుంచి బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివినవారే. ఆ గురువు బొమ్మలు, మట్టి పలకలు, చేనేత అన్నింటినీ కళగానే చూసిన మనిషి. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన వైకుంఠం కాన్వాసుల్లో నిండు కుంకుమ బొట్టు, ముక్కుపుడక, చీర అంచు, చిలుక మళ్లీ మళ్లీ వస్తాయి. అవన్నీ తల్లిని, ఊరి ఆడవాళ్లను చూస్తూ కళ్లతో పోగుచేసినవి. ఊరికి దూరంగా సూరత్‌లో పెరిగిన పిల్లలకు ఆ పోగు దొరకదు. వాళ్ల తెలుగుదనం షేడ్ కార్డులో ఉంటుందేమో. దాన్ని తక్కువ చేసి చూడాల్సిన పనిలేదు.

చట్టం కాపాడేది ఎంత?

ఇది తీరిక కబురు కాదు, తిండి కబురు కూడా. సూరత్ బట్టల బజారులో ఒక చీర డిజైన్ అమ్ముడుపోతే దాని నకళ్లు రావడానికి ఎంతో కాలం పట్టదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకుంటే 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. నమోదుకు అర్హమైన డిజైన్‌ను నమోదు చేయించకుండా 50 సార్లకు మించి పారిశ్రామికంగా ముద్రిస్తే దాని మీద కాపీరైటు కూడా పోతుంది. ఇక శైలి అనేదానికైతే చట్టంలో రక్షణే లేదు. ఇప్పుడు కృత్రిమ మేధకు చిత్రకారుడి పేరు చెబితే అతని ధోరణిలో బొమ్మ క్షణాల్లో వచ్చేస్తోంది. బయట కనిపించే మెరుగును ఎవరైనా ఎత్తుకుపోగలరు. ఎత్తుకుపోవడం కష్టమైనది, తర్వాతి ముక్కగా దేన్ని ఏరుకోవాలో తెలిసిన కన్ను.

ఏరుకునేవారికీ ఒక బాధ్యత ఉంది. మతీస్ గోడ మీది కూబా గుడ్డల్ని తయారుచేసినవాళ్ల పేర్లు చరిత్రకు ఎక్కలేదు. ఆ గుడ్డలు యూరప్ చేరిన కాలంలో కాంగో బెల్జియం ఏలుబడిలో నలిగింది. హకూ షా పుస్తకాలకు, ప్రదర్శనలకు వస్తువులతోపాటు వాటిని చేసిన కుమ్మరులూ, ఆదివాసీలూ ముఖ్యమే. సచిన్ గుడ్డముక్క వెనక కూడా డిజైన్ గీసినవారు, స్క్రీన్ తీసినవారు, రంగు కలిపినవారు ఉంటారు. ఏ యూనిట్, ఏ తారీఖు, తెలిస్తే ఎవరి చేతి పని అన్నది ముక్క వెనక పెన్సిల్‌తో రాసుకోవడానికి నిమిషం చాలు.