మస్జిద్‌కు నడిచిన అడుగులు

శుక్రవారం జుమా అజాన్ వినబడగానే మా పులివెందుల వీధుల్లో మోటారు సైకిళ్ల చప్పుడు ఎక్కువవుతుంది. చీనీ తోట నుండి ఒకరు, అంగడి మూసి ఒకరు, ఖుత్బా మొదలైన తర్వాత కూడా వస్తూనే ఉంటారు. ఇఖామత్ వినబడితే చెప్పులు ఎక్కడివక్కడ వదిలి పరుగు. సఫ్‌లో నిలబడ్డా గుండె దడ తగ్గదు. ఒకరిని అనడమెందుకు? మేమూ చాలా ఏళ్లు అలా వచ్చినవాళ్లమే. మా ఇంటి నుండి మస్జిద్‌కు నడిస్తే పది నిమిషాలు, బండి మీద రెండు. మిగిలిన ఎనిమిది నిమిషాలు ఏం చేశారంటే మా దగ్గర జవాబు లేదు.

ఇఖామత్ విని పరుగెత్తి రావద్దనీ, నెమ్మదిగా, హుందాగా నడిచి వచ్చి దొరికినంత నమాజు జమాఅత్‌తో చేసి, తప్పిపోయినది తర్వాత పూర్తి చేసుకోవాలనీ దైవప్రవక్త (స) ఆదేశించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు. మదర్సాలో పిల్లలకు మేము చదివించేదే! నమాజుకే పరుగు వద్దంటే, బజారు పనుల కోసం మనం తీసే పరుగుల సంగతి చెప్పాలా?

జుమా విషయంలో అవ్స్ బిన్ అవ్స్ (రజి) ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉంది. గుస్ల్ చేసి, ముందుగా బయలుదేరి, వాహనం ఎక్కక నడిచి వచ్చి, ఇమాముకు దగ్గరగా కూర్చొని, వ్యర్థమైన మాట లేకుండా ఖుత్బా విన్నవారికి ప్రతి అడుగుకూ ఏడాది ఉపవాసాల, రాత్రి నమాజుల పుణ్యం. మోకాళ్ల నొప్పులవారి మాట, దూరపు పల్లెలవారి మాట వేరు.

మదీనాలో బనూ సలిమా వారి ఇళ్లు ప్రవక్త (స) మస్జిద్‌కు దూరం. దగ్గరలో స్థలం ఖాళీ కాగా అక్కడికి మారాలనుకున్నారు. ఉన్నచోటే ఉండమనీ, వారి అడుగుజాడలు రాయబడుతున్నాయనీ ప్రవక్త (స) చెప్పారు. మనమైతే మస్జిద్ పక్కనే ఇల్లు వెదుకుతాం. అక్కడికీ బండే తీస్తాం!

రెండేళ్ల క్రితం మా బండి చెడిపోయి పక్షం రోజులు మరమ్మతులో ఉంది. గత్యంతరం లేక నడిచాం. మొదటి రోజంతా విసుగే. మూడో రోజు ఫజ్ర్‌కు వెళుతూ ఒక ఇంటి అరుగు ఖాళీగా ఉండడం గమనించాం. ఎప్పుడూ అక్కడ తస్బీహ్ పట్టుకొని కూర్చునే పెద్దాయన లేడు. విచారిస్తే, పక్షవాతంతో మంచం పట్టి రెండు నెలలైందట. రోజూ అయిదుసార్లు ఆ వాకిలి దాటి పోయినవాళ్లం! రోగిని పరామర్శించడం ముస్లిం మీద ముస్లింకు ఉన్న హక్కు అని ఎన్ని బయానుల్లో చెప్పామో లెక్కలేదు. లోపలికి వెళ్లి సలాం చేస్తే ఆయన నిష్ఠూరంగా కూడా అనలేదు. "మీ బండి చప్పుడు రోజూ వింటూనే ఉన్నాను మౌలవీ సాబ్" అన్నాడు.

బండి బాగై వచ్చింది. మస్జిద్‌కు మాత్రం దాన్ని తీయడం లేదు. తెల్లవారుజామున వుజూ చేసుకొని బయలుదేరితే మొదటి మలుపు దాకా నిన్నటి పనులే తలలో తిరుగుతాయి. ఆ తర్వాత ఇస్తిగ్‌ఫార్ దానంతట అదే నాలుక మీదికి వస్తుంది. నిన్న ఎవరిని కసురుకున్నామో అప్పుడు గుర్తుకొస్తుంది.

ఆ ఇంటి కిటికీ దగ్గర ఆగి సలాం చెబుతాం. ఒక్కోసారి జవాబు ఆలస్యంగా వస్తుంది. వచ్చేదాకా నిలబడతాం.