ఫ్రియో నదీతీర వనం

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, ఫ్రియో నదీతీరాన గార్నర్ స్టేట్ పార్క్ అనే విహారవనం ఉంది. ‘ఫ్రియో’ అనే స్పానిష్ పదానికి ‘చల్లని’ అని అర్థం. సున్నపురాతి కొండల ఊటలతో ప్రవహించే ఆ నది మండువేసవిలోనూ తన పేరును సార్థకం చేసుకుంటుంది.

1930వ దశకంలో ఆర్థికమాంద్యం వల్ల ఉపాధి కోల్పోయిన యువకులకు ప్రభుత్వం పని కల్పించింది. ఇక్కడి రాతి కట్టడాలు వారి శ్రమఫలమే. 1941లో ప్రారంభమైన ఈ వనంలో నేటికీ కుటుంబాలు గుడారాలు వేసుకొని విడిది చేస్తాయి. పగలు ఈతతో, వేసవి రాత్రులు సామూహిక నృత్యాలతో తీరం కళకళలాడుతుంది.

అయితే నదికి అందాన్నిచ్చిన ఆ కొండలే ఆపదనూ తెస్తాయి. వాటిపై గల పలుచని మట్టిపొర కుండపోత వానను ఇముడ్చుకోలేదు. నీరంతా ఒక్కుమ్మడిగా లోయలోకి దూకుతుంది. 2025 జూలై 4న తెల్లవారుజామున, ఇదే కొండప్రాంతంలో ప్రవహించే గ్వాడలూప్ నది సుమారు 45 నిమిషాల్లో 26 అడుగులు పెరిగింది. ఆనాటి వరదల్లో 100 మందికి పైగా మరణించారు. వారిలో వేసవి శిబిరానికి వచ్చిన బాలికలూ ఉన్నారు.

ప్రకృతి ఒడిలో సేదదీరడం మనిషికి అవసరమే. కాని నది ఒడ్డున గుడారం వేసేవారు చీకటి పడకముందే మెట్టప్రాంతానికి దారి చూసి ఉంచుకోవాలి.