పైథాన్ భాషకును సి భాషకును సంధి

‘రాజమహేంద్రవరము’ అను పదమున అక్షరము లెన్ని? ఛందస్సు నెఱిగినవారు 8 అందురు. పైథాన్ భాష 14 అనును. సి భాష 42 అనును. ఈ మూడును సత్యములే. పైథాన్ యూనికోడు సంకేతములను లెక్కించును; గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న దానికి వేర్వేఱు. సి భాష యెఱిగినవి బైట్లు మాత్రమే. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును.

ఈ రెండు భాషలను కలుపవలసిన యవసర మేమి? ‘ద్ర’ యందలి వత్తు ఎచట నిలువవలెనో నిర్ణయించు పనిని హార్ఫ్‌బజ్ అను సంకేత భాండాగారము చక్కగా నెఱవేర్చుచున్నది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ దానినే యాశ్రయించినవి. అది సి++ భాషలో రచితమై, సి భాషా ద్వారమున పిలుపుల నందుకొనును. తెలుగు గ్రంథములను యంత్రమున శోధించువారు పైథానున సుఖముగా వ్రాయుదురు. వారు హార్ఫ్‌బజ్ పనిని మరల మొదటినుండి చేయబూనుట వృథాశ్రమ యని మా యభిప్రాయము. దానిని పిలిచిన చాలును. 2006 నుండి పైథానుతోనే లభించు ‘సిటైప్స్’ ఇట్టి పిలుపునకు ఒక సాధనము.

చిక్కంతయు సరిహద్దునందే యున్నది. ధవళేశ్వరమున తూము తలుపు లెత్తువాడు కాలువ యెంత నీటిని మోయగలదో ముందెఱిగి యుండవలెను గదా. మన పదమును సి భాష యొక స్థలమున వ్రాయుటకు, ముగింపు సున్నతో గూడ, 43 బైట్లు కావలెను. పైథాన్ చెప్పిన 14ను నమ్మి 15 బైట్లు మాత్రమే కేటాయించితిమేని, తక్కిన 28 బైట్లు పొరుగు స్మృతిపై బడును. సి భాష వారింపదు. ప్రోగ్రాము అప్పుడే కూలిన మేలు. తఱచుగా అది మఱియొకచోట, సంబంధము లేని పనిలో కూలును. అట్లే, ఫలితము చిరునామా యని ముందుగా తెలుపనిచో సిటైప్స్ దానిని 32 బిట్ల పూర్ణాంకముగా నెంచును. 64 బిట్ల యంత్రమున చిరునామాలో పై సగము నశించును.

క్రింది పొర దోషము పైవారి నెట్లు బాధించునో 2018 ఫిబ్రవరిలో తెలుగువారు చూచిరి. ‘జ్ఞా’లో ఞకారము వెనుక కంటికి కానరాని విభాజక చిహ్నము చేరిన సందేశము వచ్చినచో, ఐఫోనులోని అనేక అనువర్తనములు కూలినవి. తెలుగక్షరమే ఫోనును కూల్చినదను మాట వ్యాపించినది. అక్షరమేమి పాపము చేసినది? దోషము ఆపిల్ వారి కోర్‌టెక్స్ట్ భాండాగారమున, స్మృతి నిర్వహణమున నుండెను. ఫిబ్రవరి 19న వెలువడిన ఐ.ఓ.ఎస్. 11.2.6 దానిని సవరించినది.

తిరుగు ప్రయాణమునను జాగ్రత్త వలయును. మన పదమును యు.టి.ఎఫ్.-8 రూపమున నందించినచో, హార్ఫ్‌బజ్ ‘ద్ర’ స్థానమును 21 అని తెలుపును. 14 సంకేతముల పైథాన్ పదమున 21వ స్థానమే లేదు. యు.టి.ఎఫ్.-32 రూపమున నందించినచో 7 అనును. సున్నతో మొదలిడు పైథాన్ లెక్కకు అది సరిపోవును. ‘ద్ర’ అయిదవ యక్షరమను ఛందస్సు లెక్కను మాత్రము మనమే కట్టుకొనవలెను.