అడగందే అమ్మయినా పెట్టదు: సర్కారు కొలువులో ఆడవారి వాటా

లింగాల ఘనపూర్: ఈ మండలంలో ఏ ఊరికి వెళ్లినా పొద్దున్నే ఎదురయ్యే సర్కారు ఆడమనిషే. నెల్లుట్ల కానివ్వండి, కళ్లెం కానివ్వండి, జీడికల్ కానివ్వండి, పసిపిల్లలకు గుడ్డు, అన్నం పెట్టేది అంగన్‌వాడీ టీచరు, ఆయా. బాలింత ఇంటికి వచ్చి మంచిచెడ్డలు అడిగేది ఆశ కార్యకర్త. బిడ్డకు టీకా వేసేది ఏ.ఎన్.ఎం. అదే కరెంటు పోతే స్తంభం ఎక్కేది, జనగామ బస్సు నడిపేది, ఠాణాలో ఫిర్యాదు రాసుకునేది చాలాచోట్ల మగవారే. ఊరిలో చాకిరీ ఆడవారిది, పై కుర్చీలలో ఎక్కువ మగవారివి. పై మెట్లకు పోయేకొద్దీ మహిళల సంఖ్య తగ్గిపోవడం దేశమంతటా ఉన్న సంగతే.

చట్టం చూస్తే ఇలా ఉండనక్కరలేదు. ప్రభుత్వ ఉద్యోగాలలో స్త్రీ పురుష భేదం చూపరాదని రాజ్యాంగం 16వ అధికరణం చెబుతోంది. స్త్రీల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని 15వ అధికరణం మూడవ క్లాజు చెబుతోంది. అయినా ఒక్కొక్క తలుపూ ఎవరో ఒక మహిళ వెళ్లి తట్టిన తరువాతనే తెరుచుకుంది.

కలం ఎవరి చేతిలో?

ఉద్యోగం అంటే నెల జీతమొక్కటే కాదు. ఊరి లెక్క రాసే కలం ఎవరి చేతిలో ఉన్నదన్నది అంతకన్న ముఖ్యం. ఈ సంగతి ఈ ప్రాంతం వారికి ఒకరు చెప్పనక్కరలేదు. పొరుగునే ఉన్న పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకున్న భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో తలపడింది. ఆ రోజులలో ఏ భూమి ఎవరిదో రాసే దస్తరం పట్వారీ దగ్గర ఉండేది. ఆ కొలువు తండ్రి నుంచి కొడుకుకు వచ్చేది. పటేలు, పట్వారీ అన్న మాటలు వింటే మగమనిషే మనసులో మెదిలేవాడు.

ఆ వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో ఆర్డినెన్సు ద్వారా రద్దు చేసింది. అదే నెలలో మరో ఉత్తర్వు వెలువడింది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల ప్రత్యక్ష నియామకాలలో మహిళలకు కనీసం 30 శాతం ఇవ్వాలన్నది దాని సారాంశం. మొదటి దాని గురించి ఊరూరా రచ్చబండల మీద చర్చ జరిగింది. రెండవది పెద్దగా చప్పుడు లేకుండా వచ్చింది. కాని ఆడపిల్లల చదువుకు ఒక గమ్యం చూపింది ఆ రెండవ ఉత్తర్వే.

పెళ్లయితే ఉద్యోగం పోయేది

అంతకు ముందు సంగతి ఎలా ఉండేదో నేటి పిల్లలకు చెబితే నమ్మరు. ఐ.ఏ.ఎస్.లో చేరిన తొలి మహిళ అన్నా రాజం 1951లో మద్రాసు రాష్ట్రంలో ఉద్యోగంలో చేరినప్పుడు, పెళ్లి చేసుకుంటే ఉద్యోగం రద్దవుతుందని ఆమె నియామకపు కాగితంలోనే రాసి ఉంది. విదేశాంగ సర్వీసులో తొలి మహిళ సి.బి. ముత్తమ్మ. ఆ సర్వీసు నియమాల ప్రకారం మహిళా అధికారి పెళ్లికి ముందు ప్రభుత్వం నుంచి రాతపూర్వక అనుమతి పొందాలి. సంసారం పనికి అడ్డం వస్తున్నదని ప్రభుత్వానికి అనిపిస్తే ఆమెను రాజీనామా చేయమనవచ్చు. మగ అధికారికి ఈ షరతు లేదు. ముత్తమ్మ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1979లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ నియమాలను తీవ్రంగా తప్పుపట్టారు.

తెలుగునాట 30 శాతం ఉత్తర్వు కూడా కోర్టు మెట్లెక్కక తప్పలేదు. మహిళలకు విడిగా వాటా ఇవ్వడం సమానత్వానికి విరుద్ధమని దానిని సవాలు చేశారు. అనాదిగా వెనుకబడిన స్త్రీలకు చేయూతనివ్వడం రాజ్యాంగ సమ్మతమేనని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది, 1996 సర్వీసు నిబంధనలలో, ఆ వాటా మూడింట ఒక వంతు అయింది. తెలంగాణ ఏర్పడిన తరువాతా అదే కొనసాగింది.

ఫలితం కనిపించకపోలేదు. 2016 అక్టోబరు 11న జనగామ జిల్లా ఏర్పడినప్పుడు తొలి కలెక్టరుగా వచ్చింది మహిళే, శ్రీదేవసేన. 2023 జనవరిలో శాంతికుమారి తెలంగాణకు తొలి మహిళా ప్రధాన కార్యదర్శి అయ్యారు. కొండ మీద కొందరు చేరారు. కొండ కింద ఉన్న కొలువుల మాటేమిటి?

స్తంభం ఎక్కిన శిరీష

ఇందుకు జవాబు పొరుగు సిద్దిపేట జిల్లాలో దొరుకుతుంది. తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ 2019లో 2,500 జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. ఆడవారు అర్హులు కారన్నారు. ఐ.టి.ఐ. చదివిన బబ్బూరి శిరీష, మహబూబాబాద్ జిల్లాకు చెందిన మరో యువతి హైకోర్టుకు వెళ్లారు. కోర్టు అండతో పరీక్ష రాశారు. స్తంభం ఎక్కే పరీక్ష దగ్గర మళ్లీ అడ్డంకి వచ్చింది. మళ్లీ కోర్టే చెప్పవలసి వచ్చింది. 2020 డిసెంబరులో పరీక్ష పెట్టారు. శిరీష స్తంభం ఎక్కి నెగ్గారు. 2021 మే నెలలో రాష్ట్రంలో తొలి లైన్‌ఉమన్‌గా ఉద్యోగ ఉత్తర్వు అందుకున్నారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. మూడవ వంతు వాటా నియమం అప్పటికి ఎన్నో ఏళ్లుగా అమలులో ఉంది. అయినా ఆ పోస్టుకు ఆడపిల్ల దరఖాస్తు పెట్టుకోవడానికే కోర్టుకు పోవలసి వచ్చింది. పని కష్టమనే పేరుతో ముందే గేటు వేస్తే లోపల ఎన్ని వాటాలు ఉన్నా ఏం లాభం? ఎండలో నాట్లు వేసేది, గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని మైళ్లు నడిచేది ఆడవారే. అక్కడ గుర్తుకు రాని సున్నితత్వం జీతమిచ్చే కొలువు దగ్గరికి వచ్చేసరికి గుర్తుకు వస్తుంది.

బస్సు సంగతీ అంతే. పక్కనే ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లా సంస్థాన్ నారాయణపురం మండలంలోని గిరిజన తండాలో పుట్టిన సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో బస్సు డ్రైవరు అయ్యారు. సొంత రాష్ట్రంలో ఆర్.టి.సి. బస్సు స్టీరింగు పట్టడానికి ఆమెకు మరో పదేళ్లు పట్టింది. 2025లో తెలంగాణ ఆర్.టి.సి.లో తొలి మహిళా డ్రైవరుగా ఆమె పేరు నమోదైంది. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. అంటే ఆడవారికి సీటు ముందు దొరికింది, డ్రైవరు సీటు ఆ తరువాత దొరికింది.

పని సర్కారుది, పేరు సేవ

మరో విచిత్రం అంగన్‌వాడీ, ఆశ కార్యకర్తలది. శిశు సంక్షేమ పథకం కింద అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న ప్రారంభమయ్యాయి. ఆశ కార్యకర్తలు 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చారు. వీరు రాసే రిజిస్టర్లు సర్కారువి, చేసే సర్వేలు సర్కారువి. జీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది గౌరవ వేతనం, లేదా పారితోషికం. అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వ పదవిలో ఉన్నవారు కారని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022లో అదే సుప్రీంకోర్టు, వీరికి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. తెలంగాణలో అంగన్‌వాడీ టీచరు గౌరవ వేతనం 2021లో రూ.10,500 నుంచి రూ.13,650కి పెరిగింది. 2023 సెప్టెంబరులో వీరు సమ్మెకు దిగారు. ప్రభుత్వ ఉద్యోగులుగా గుర్తించాలన్నది వారి ముఖ్యమైన కోరిక.

ఒకటి ఆలోచించాలి. ఇదే పని మగవారు చేస్తూ ఉంటే దానిని ఇన్నేళ్లు సేవ అని సరిపెట్టగలిగేవారా? ఇంట్లో పిల్లలను సాకడం, రోగిని చూడడం ఆడవారు ఊరికే చేస్తారు కనుక ఊరి కోసం చేసినా సగం ఊరికే చేయాలన్న పాత తలంపు ఇందులో దాగి ఉంది. సమానత్వం అంటే స్తంభం ఎక్కనివ్వడం ఒక్కటే కాదు, ఉడకబెట్టిన గుడ్డు వెనుక ఉన్న చాకిరీకి ఉద్యోగమని పేరు పెట్టడం కూడా.

కొత్త లెక్క ఏమిటి?

దరఖాస్తులు పెట్టే ఆడపిల్లలు తెలుసుకోవలసిన మార్పు ఒకటి 2024లో వచ్చింది. మహిళల వాటాను అడ్డంగా, అంటే ప్రతి వర్గంలోనూ లోపలి వాటాగా చూడాలని, వారికి రోస్టరు పాయింట్లు ముందే గుర్తించరాదని తెలంగాణ ప్రభుత్వం ఫిబ్రవరిలో ఉత్తర్వు ఇచ్చింది. 2007లో రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇదే.

ఒక వర్గంలో 30 పోస్టులు ఉన్నాయనుకుందాం. మహిళల వాటా 10. పాత పద్ధతిలో ఆ 10 ముందే పక్కన పెట్టేవారు. మిగిలిన 20లో కూడా ఆడపిల్లలు పోటీ పడి గెలుచుకునేవారు. కొత్త పద్ధతిలో 30 పోస్టులకూ మార్కుల వరుసలో జాబితా వేస్తారు. అందులో ఆడపిల్లలు ఏడుగురే ఉంటే, వరుసలో తరువాత ఉన్న మరో ముగ్గురిని పైకి తెచ్చి పది పూర్తి చేస్తారు. పన్నెండు మంది ఉంటే ఆ పన్నెండు మందీ ఉంటారు, అదనంగా ఎవరినీ తీసుకోరు. దీనివల్ల ఆడపిల్లలకు దక్కే పోస్టులు తగ్గుతాయని 2024లో ఆందోళనలు జరిగాయి. ఎవరి వాదన ఎలా ఉన్నా, మూడవ వంతు అన్నది కనీస వాటాయే గాని అంతకు మించకూడదన్న హద్దు కాదు. ఈ మాట తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి.

కొలువులో చేరిన తరువాత

చేరగానే కథ ముగియదు. ప్రసూతి సెలవు 2010 నుంచి 180 రోజులు. ఇది ఎవరి దయ కాదు, నిబంధన. పనిచేసే చోట వేధింపుల విషయంలో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు వెనుక ఉన్నది కూడా ఒక పల్లెటూరి స్త్రీయే. రాజస్థాన్ ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకంలో ఊరి కార్యకర్తగా పనిచేస్తూ బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు భన్వరీ దేవిపై 1992లో అత్యాచారం జరిగింది. ఆ కేసు దరిమిలా వచ్చిన తీర్పే 2013లో చట్టమైంది.

ఆ చట్టం ప్రకారం పది మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి కార్యాలయంలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి మహిళే అధ్యక్షురాలుగా ఉండాలి. పది మంది కూడా లేని చోట పనిచేసేవారు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. సంఘటన జరిగిన మూడు నెలలలోగా ఫిర్యాదు రాసి ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు గడువు ఇవ్వవచ్చు. ఈ సంగతి ఊళ్లలో ఒంటరిగా తిరిగి పనిచేసే ఉద్యోగినులకు, కార్యకర్తలకు అందరికన్న ఎక్కువ అవసరం.

పెళ్లయినా హక్కు పోదు

పెళ్లితో ఆడపిల్ల ఉద్యోగపు ఆశ వదులుకోవలసిందేనన్న అపోహ పల్లెల్లో ఇంకా ఉంది. కులం పుట్టుకతో వచ్చేది, పెళ్లితో మారదు. బి.సి. క్రీమీలేయర్ ధ్రువపత్రానికి చూసేది తల్లిదండ్రుల స్థితిని, భర్త సంపాదనను కాదు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జిల్లా స్థానికతకు ఒకటి నుంచి ఏడవ తరగతి దాకా ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారన్నదే లెక్క. లింగాల ఘనపూర్‌లో ఏడు దాకా చదివిన అమ్మాయి నల్లగొండ జిల్లాకు కోడలుగా వెళ్లినా జనగామ జిల్లాకు స్థానికురాలే. కనుక బడి నుంచి చదువు ధ్రువపత్రాలు తెచ్చుకుని, పెళ్లి పెట్టెలో చీరలతో పాటు భద్రంగా పెట్టి పంపడం తల్లిదండ్రుల పని.

ముత్తమ్మ మొదలు శిరీష దాకా ఎవరికీ వాటా ఇంటికి నడచి రాలేదు. కాదన్న చోట ఎందుకు కాదని అడిగారు. ప్రకటన వెలువడిన రోజు ఈ పోస్టు ఆడవారికి తగదని ఇంట్లోవారే తీర్మానించి దరఖాస్తు పెట్టనివ్వకపోతే, ఇక ఏ చట్టమూ ఏమీ చేయలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. సర్కారు సంగతి చెప్పేదేముంది?