టర్బో కారు - పొగ పరీక్ష

కాలిఫోర్నియాలో పాత కార్లున్న మన కుటుంబాలకు రెండేళ్లకొకసారి తప్పని తంతు ‘స్మాగ్ చెక్’. 1984లో ప్రారంభమైన ఈ పరీక్షలో నెగ్గితే గాని కారు రిజిస్ట్రేషను పొడిగించరు. 2012 వేసవిలో మా అబ్బాయి కారు ఇందులో తప్పింది. అది 1995 నాటి టర్బో కారు. కొత్త ఉద్యోగంలో చేరడానికి వాడికి మూడు వారాలే గడువున్నది. బస్సు సౌకర్యం లేని చోటు.

టర్బో అంటే పెద్ద మాయ కాదు. ఇంజను వదిలే వేడి వాయువుల తాకిడికి ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుపైనున్న రెండవ చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి నెడుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండించవచ్చు, బలమూ పెరుగుతుంది. మా వాడికి ఆ బలం చాలదనిపించిందేమో, అప్పటికే మార్పులు చేయించిన కారును కొన్నాడు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి, గాలిగొట్టం వేరు, ఉత్ప్రేరక పేటిక, అంటే కెటలిటిక్ కన్వర్టర్, ఉండవలసిన చోట సూటి గొట్టం!

హైదరాబాదులో పెట్రోలు బంకు పక్కన కారు నిలిపి, పొగగొట్టంలో కడ్డీ దూర్చి ధ్రువపత్రం ఇవ్వడం మనమెరిగినదే. ఇక్కడ ఆ కాలపు కార్లను రోలర్లపై గంటకు 15 మైళ్ల వేగంతో ఒకసారి, 25 మైళ్ల వేగంతో ఒకసారి, బరువు లాగుతున్నట్లుగా నడిపి కొలుస్తారు. మా కారులో హైడ్రోకార్బనులు, కార్బన్ మోనాక్సైడ్ హద్దు మీరాయి. నైట్రిక్ ఆక్సైడ్ మాత్రం తక్కువ. ఒకటైనా బాగుందని నేను సంతోషించాను. నిజానికి అదే రోగలక్షణం! పెట్రోలు మోతాదు మించి, గాలి చాలనప్పుడు ఈ మూడు అంకెలూ ఇలాగే వస్తాయి.

తప్పు టర్బోది కాదు. పరీక్ష జరిగే ఆ మందవేగంలో అది దాదాపు నిద్రపోతూనే ఉంటుంది. పెద్ద ఇంజెక్టర్లు అమర్చిన సంగతి కారులోని కంప్యూటరుకు ఎవరూ చెప్పలేదు. అది పాత లెక్క ప్రకారమే తెరుస్తుంటే, ప్రతిసారీ అధికంగా పెట్రోలు పడుతున్నది. పెట్రోలు ఒక పాలైతే గాలి బరువులో సుమారు 14.7 పాళ్లుండాలి. ఆ నిష్పత్తి దగ్గరే ఉత్ప్రేరకంలోని ప్లాటినం, పలాడియం, రోడియం మూడు విషాలనూ ఒకేసారి విరిచివేయగలవు. పెట్రోలు ఎక్కువైతే మోనాక్సైడును మండించే ఆక్సిజన్ ఉండదు. గాలి ఎక్కువైతే నత్రజని ఆక్సైడులు విరగవు.

“ఆ పేటిక ఒక్కరోజుకు బిగించి, మర్నాడు తీసేద్దాం నాన్నా, అందరూ చేసేదే” అన్నాడు మా వాడు. నేను ఒప్పుకోలేదు. ఎండ తగిలిన హైడ్రోకార్బనులు, నత్రజని ఆక్సైడులే లాస్ ఏంజెలెస్‌లో కళ్లు మండించే పొగమంచుకు మూలమని 1950ల ఆరంభంలో తేల్చినవాడు హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు. అంతకు ముందు ఆయన అనాసపండు వాసనను పరిశోధించేవాడట! ఆ కథ చెబితే మా వాడు ముఖం ముడుచుకున్నాడు గాని, వాదించలేదు.

మిగిలిన కష్టం శాస్త్రానిది కాదు, వెతుకులాటది. పొగ శుభ్రంగా ఉన్నా, బయటినుండి తెచ్చి బిగించిన గాలిగొట్టంపై రాష్ట్ర వాయు మండలి అనుమతి సంఖ్య లేకపోతే కంటి పరీక్షలోనే తప్పిస్తారు. అసలు భాగాలను పాత యజమాని ఎప్పుడో పారవేశాడు. రెండు శనివారాలు తుక్కు కార్ల యార్డులలో తిరిగి ఇంజెక్టర్లు, గాలిపెట్టె సంపాదించాము. అనుమతి సంఖ్యగల ఉత్ప్రేరక పేటిక, కొత్త ఆక్సిజన్ సెన్సరు కొన్నాము. ఇంజను నూనె కూడా మార్చాము. అందులో కలిసిన పెట్రోలు ఆవిరై మళ్లీ ఇంజనులోకే చేరుతుంది మరి. వేడెక్కితేనే ఉత్ప్రేరకం పనిచేస్తుంది, పైగా టర్బో ఆ వేడిలో కొంత తానే తీసుకుంటుంది. అందుచేత పరీక్షకు ముందు ఇరవై నిమిషాలు ఫ్రీవేపై నడిపాము. నెగ్గింది. ఉద్యోగంలో చేరడానికి నాలుగు రోజులున్నాయి.

2000 సంవత్సరపు మోడళ్లకూ, ఆ తరువాతివాటికీ 2015 నుండి పొగగొట్టంలో కడ్డీ పెట్టడం లేదు, కంప్యూటరునే ప్రశ్నిస్తారు. 2021 జూలై నుండి దానిలోని ప్రోగ్రామును ఎవరైనా మార్చారేమోనని కూడా చూస్తున్నారు. మా కారు నుండి ఊడదీసిన సూటి గొట్టం మాత్రం పెరట్లో బీరపాదుకు గుంజగా నిలిచి ఉన్నది.